టీవీ వెనక వైరు

"వైఫై పాస్‌వర్డ్ నీకెందుకు? సాయంత్రం నేనొచ్చి కలుపుతాలే," అన్నారు మా ఆయన ఫోన్లో. అప్పటికే పదింబావు. పదకొండుకి నా పరీక్ష. పెళ్ళయ్యాక మానేసిన ఉద్యోగం పదకొండేళ్ళకి మళ్ళీ దొరికేలా ఉంది. పరీక్ష ఇంట్లోంచే రాయొచ్చు, కంప్యూటర్‌కి నెట్ ఉంటే చాలు. ఆ కంప్యూటర్ కూడా మా మరిది పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నదే.

"సాయంత్రానికి పరీక్ష అయిపోతుందండీ."

"పోతే పోయింది, ఇంకోటి పెడతారు. నువ్వేదో నొక్కి అందరి నెట్టూ చెడగొడతావు." పెట్టేశారు.

ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమ్మకి రోజూ ఇన్సులిన్ పొడిచేది ఈ చెయ్యే. అప్పుడు ఆయనకి రాని భయం, నాలుగక్షరాలు కొడితే వచ్చేసిందా! ఇంటికొచ్చిన స్నేహితులకి అడక్కముందే చెప్తారు పాస్‌వర్డ్. నా ఫోన్లో మాత్రం అటు తిరిగి ఆయనే కొట్టిచ్చారు. ఇంట్లో ఉండేదానికి వేరే డేటా ఎందుకని అదీ వేయించలేదు. పాప పుట్టినరోజు కొట్టి చూశాను. ఆయన బండి నంబరు, అత్తయ్య పేరు కూడా కొట్టాను. ఏదీ కాదు. నా పేరు కొట్టి చూడాలని మాత్రం నాకే తోచలేదు.

పావుతక్కువ పదకొండయింది. ఏడుపొస్తోంది. హాల్లో అత్తయ్య సీరియల్ చూస్తున్నారు. ఆ టీవీ వెనక దుమ్ము తుడిచేది నేనే కాబట్టి, నెట్ పెట్టెలోంచి దానికో పొడుగాటి వైరు వెళ్తుందని నాకు తెలుసు. వైరు పెట్టినదాన్ని పాస్‌వర్డ్ ఎవరడుగుతారు? ఇంత తెలివైన మా ఆయన, తాళం వేసింది గాలికి మాత్రమే. టీవీలోంచి వైరు లాగి, పడగ్గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటర్‌కి గుచ్చాను. నెట్ వచ్చేసింది!

"అయ్యో, నా సీరియల్!"

"గంటన్నర ఓర్చుకోండి అత్తయ్యా, పరీక్ష."

ఆవిడ అప్పటికే కొడుక్కి ఫోన్ చేసేశారు. స్పీకర్లో ఆయన అరుపు: "అమ్మా, ఆ వైరు పీకెయ్. దానికి చెప్తే అర్థం కాదు."

అత్తయ్య నెట్ పెట్టె దగ్గరికెళ్ళి వంగారు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"ఆ వైరు మీద చెయ్యి వేస్తే, సాయంత్రం మీ అబ్బాయి వచ్చేసరికి నేనీ ఇంట్లో ఉండను అత్తయ్యా."

ఆవిడ నన్నొకసారి చూసి, నడుం పట్టుకుని మెల్లగా సోఫాలో కూర్చున్నారు.

బెదిరించడానికే అన్నాననుకున్నాను. గదిలోకెళ్ళి గడియ పెట్టుకుని, పరీక్ష మొదలయ్యేదాకా మిగిలిన ఆ నాలుగు నిమిషాలూ కూర్చున్నాక తెలిసింది, నిజంగానే అన్నానని.