సైలెన్సర్ ఓదెలు

ఓదెలు కొలిమి ముందు గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో తోలుతిత్తిని నొక్కుతూ, కుడిచేతి పటకారుతో ఇనుప పట్టీని నిప్పుల్లో తిప్పుతున్నాడు. గీదం కూడలి మీద మంచు ఇంకా విడలేదు. బొగ్గుల వెలుగులో అతని ముఖం ఒకవైపే కనబడుతోంది. కనుబొమలు ఎప్పుడో కాలిపోయి మళ్ళీ సరిగ్గా మొలవలేదు. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. పొట్టి మనిషి. బండ్ల కింద పడుకుని పడుకుని భుజాలు ముందుకు వంగిపోయాయి. బయట నడిచేటప్పుడు కూడా పైన ఏదో తగులుతుందన్నట్టు తల కాస్త దించుకునే నడుస్తాడు.

అతని సొంతూరు భోపాల్‌పట్నం. కమ్మరి కొడుకు. బస్తర్ సంస్థానంలో అడవుల గుండా రోడ్లు వేస్తున్న రోజుల్లో గునపాలకు పదును పెట్టే పనికి వచ్చి గీదంలో నిలిచిపోయాడు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొనే వెంకటనారాయణ సేటుకు రెండు లారీలూ ఒక కారూ ఉన్నాయి. వాటి షెడ్డులో ఓదెలు ఫిట్టరు. ఇంజను పనిలో గొప్పవాడేం కాదు. గేరుపెట్టె చెడిపోతే జగదల్‌పూర్ నుంచి మరో మేస్త్రీ రావలసిందే. పొగగొట్టం పని వస్తే మాత్రం ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. అందుకే ఆ దారిలో తిరిగే డ్రైవర్లు అతన్ని సైలెన్సర్ ఓదెలు అంటారు. ఆ పేరు వెక్కిరింపో మెచ్చుకోలో అతను ఎన్నడూ ఆలోచించలేదు.

కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు లచ్చు దిగాడు. ఇంట్లో హల్బీ మాట్లాడే మనిషి. సేటు దగ్గర చేరాకే తెలుగు నేర్చుకున్నాడు.

"దాదా, తిండియాళకల్లా జగదల్‌పూర్ బయలెల్లాలె. సోమక్కమ్మకు తబియత్ అసలు బాగలేదు. మోత బంద్ కావాలని సేటు చెప్పిండు."

సోమక్క సేటు అక్క. తల్లి పోయిన తర్వాత పసివాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. కొన్నాళ్ళుగా ఆమెకు తలలో పోటు, కళ్ళు తిరగడం. కిందటిసారి పెద్దాసుపత్రికి బయలుదేరితే కారులోని మోతకు తట్టుకోలేక దారిపొడవునా వాంతులు చేసుకుంది. సగం దారిలోనే బండి వెనక్కి తిప్పించింది. మళ్ళీ అట్లా అయితే ఇక ఎక్కనని తమ్ముడికి తెగేసి చెప్పింది.

"ఏ స్పీడుల వస్తున్నది?" అన్నాడు ఓదెలు.

"పాతిక మైళ్ళు పట్టంగనే. మెల్లగ పోతే లేదు, జోరు చేస్తే లేదు. కాని ఈ రోడ్డు మీద అంతా ఆ స్పీడే గదా."

ఓదెలు గోనెపట్టా పరిచి కారు కిందికి పాకాడు. ఆ మోత సంగతి అతనికి బాగా తెలుసు. ఇంజను చప్పుడులా బయటికి పోదు. మూత పెట్టిన డబ్బాలో తుమ్మెదలు తిరిగినట్టు కారు లోపలే నిండుకుంటుంది. కూర్చున్నవాళ్ళ పళ్ళలోకి, నుదుట్లోకి దిగుతుంది.

గొట్టాన్ని పట్టుకునే పట్టీ ఒకటి తెగిపోయి, గొట్టం బండి చట్రానికి ఆనుకుని ఉంది. ఇనుము ఇనుముకు తగిలితే ప్రతి అదురూ సీట్లలోకి ఎక్కుతుంది. పొద్దున లారీకని కాలుస్తున్న పట్టీనే వంచి, మధ్యలో పాత టైరు ముక్క పెట్టి బిగించాడు. తర్వాత సైలెన్సర్ డబ్బాను దింపి విప్పాడు. లోపలి రేకుకు రివిట్లు ఊడిపోయాయి. పొగను అడ్డగించి చప్పుడు చంపవలసిన రేకు తనే తాళంలా మోగుతోంది. దాన్ని కొత్త రివిట్లతో బిగించి, మూత పెట్టి, మళ్ళీ ఎక్కించాడు.

సుత్తి దెబ్బలకు ఏనాడో అతని చెవులు మందగించాయి. బండి మోతను అరచేత్తో చూస్తాడు. లచ్చు చెవులకేమో ఆ మోత అలవాటైపోయింది. అది తగ్గిందో లేదో ఎవరు చెప్పాలి? ఎదురుగా ఉన్న సేటు ఇంటి వసారాలో మంచం మీద పడుకుని ఇదంతా చూస్తున్న సోమక్క లేచి కూర్చుంది.

"నన్ను కూచోబెట్టుండ్రి. నొప్పి నాది గదా, నేను చెప్త."

వెంకటనారాయణ ఆమెను రెండు చేతులా పట్టుకుని తెచ్చి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. ఓదెలు ఆమె కాళ్ళ దగ్గర, అడుగు పలక మీద అరచేయి ఆనించి కూర్చున్నాడు. మోత చూడ్డానికని లచ్చు కాసేపు దంతేవాడ దారి పట్టాడు. వేగం పెరిగింది. పలక ఓదెలు అరచేతి కింద సన్నగా వణకసాగింది. సోమక్క కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదిలాయి. ఏమందో ఓదెలుకు వినపడలేదు.

ఒకప్పుడు నందే పెదవులు అట్లాగే కదిలాయి.

నందే అతని భార్య. బాసగూడ పిల్ల. కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే, పట్నానికి పోయే లారీలో ఆమెను పడుకోబెట్టి తీసుకుపోయాడు. అప్పుడతని చెవులు పాముచెవులు. అయినా ఆ లారీ మోతలో ఏదీ వినపడలేదు. నందే ఏదో అంది. నోటి దగ్గర చెవి పెట్టాడు. మళ్ళీ అంది. అర్థమైనట్టు తల ఊపాడు. ఆసుపత్రి చేరకముందే ఆమె పోయింది. ఆమె ఏమందో అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. తిరిగి వచ్చాక ఓదెలు మొట్టమొదట విప్పిన పొగగొట్టం ఆ లారీదే. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. షెడ్డు వెనక చాపమీద పడుకుంటూ, పొద్దున అంబలి, రాత్రి అన్నం తింటూ ఇన్నేళ్ళు గడిపేశాడు.

లచ్చు కారు ఆపాడు. సోమక్క తల పట్టుకుని ఉంది.

"తగ్గింది ఓదెలూ. పోలేదు. ఇంక నాతోని కాదు, నన్ను ఇంటికాడ దించుండ్రి. పోతె ఇంట్లనే పోత."

వెంకటనారాయణ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"జర ఆగు అమ్మా," అన్నాడు ఓదెలు. "ఇంకొకటి ఉన్నది. అది గూడ చూస్త."

షెడ్డుకు వచ్చాక గొట్టం చివర కూర్చున్నాడు. వానాకాలంలో వాగు దాటుతుంటే రాయి తగిలి దాని తోక విరిగింది. ఎవరో అక్కడికే కోసి వదిలేశారు.

"బాకా పొడుగు మారితె కూత మారుతది సేటు. ఇప్పుడు దీని మూతి సీటు కిందకే వచ్చింది. ఇంజను దెబ్బ, గొట్టం కూత, కింది పలక అన్నీ ఒక్క తాళం పట్టుకున్నయి. పొడుగు మార్చి ఆ తాళం తప్పించాలె."

షెడ్డు వెనక తుప్పు పట్టిన లారీ నుంచి ఒక గొట్టం ముక్క కోసుకొచ్చాడు. పాత గొట్టం మీద తొడుగులా పట్టేట్టు దాని అంచును కాల్చి వెడల్పు చేశాడు. లచ్చు ఇంజను వేగం పెంచి ఆ మోత దగ్గర నిలిపి ఉంచాడు. ఓదెలు ఒక చెయ్యి పలకకు ఆనించి, రెండో చేత్తో తడిగోనె చుట్టిన ముక్కను ముందుకూ వెనక్కూ జరపసాగాడు. గోనె ఆవిరి కక్కింది. పలక వణికింది, ఇంకా వణికింది. కొంచెం వెనక్కి లాగేసరికి ఒక్కసారిగా వణుకు చచ్చిపోయింది. ఓదెలు ఊపిరి బిగబట్టి అక్కడే గుర్తు గీశాడు. పట్టీలు వేసి బిగించాడు. మూతి ఇప్పుడు కారు వెనక అంచు దాటి, నేలవైపు వంగి ఉంది.

సోమక్కను మళ్ళీ కూర్చోబెట్టి లచ్చు ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఇంజను ఆపకుండానే షెడ్డు ముందు నిలిపాడు. ఆమె కిటికీలోంచి ఓదెలును చూసింది.

"పొద్దున్నించి ఏమన్న తిన్నవా?"

ఆ మాట ఓదెలుకు వినపడింది.

"తింట అమ్మా. నువ్వు పొయ్యి రా."

కారు వెళ్ళిపోయింది. ఓదెలు చేతులు కడుక్కుని అంబలి తాగాడు. లారీ చక్రాలకు గ్రీజు పెట్టాడు. మేకులు ఏరి డబ్బాలో వేశాడు. పొద్దు వాలుతుండగా తల ఎత్తేసరికి కారు షెడ్డు ముందు నిలబడి ఉంది. అది రావడం అతనికి తెలియనే లేదు. ఈపాటికి జగదల్‌పూర్‌లో ఉండవలసిన బండి.

లచ్చు దిగి నేలవైపు చూశాడు. "కిలేపాల్ దాటినంక, దాదా. అమ్మ పోయింది."

ఇంట్లోంచి మనుషులు వచ్చి సోమక్కను మోసుకుపోయారు. ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. వెంకటనారాయణ కొంతసేపటికి మళ్ళీ బయటికి వచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నా ఒళ్ళో తల పెట్టుకున్నది ఓదెలూ. నిద్రపోయిందనుకున్న. ఎన్ని దినాలకో నిద్రపట్టిందని కాలు గూడ కదపలే."

ఓదెలు వంగి పొగగొట్టం వైపు చూశాడు. మోత ఉండి ఉంటే ఆమె పడుకునేది కాదేమో. పడుకోకపోతే వీళ్ళు కనిపెట్టేవాళ్ళేమో.

"పిలిచిందా సేటు? ఏమన్న అన్నదా?"

"చానా అన్నది. బస్తానార్ దాక మాట్లాడుతనే ఉన్నది. మా అమ్మ ఎట్లుండేదో, నన్ను ఏమని పిలిచేదో చెప్పింది. నాకు అమ్మ యాదికి లేదు గద. మెల్లగనే చెప్పింది. అన్నీ ఇనబడ్డయి."

ఓదెలు తల ఊపాడు. సేటు లోపలికి వెళ్ళిపోయాడు.

ఎర్రదుమ్ము పట్టిన కారును ఓదెలు గుడ్డతో తుడవసాగాడు. వెనకసీటు తుడుస్తూ చెయ్యి ఆపాడు.

"ఇవేంది లచ్చు?"

"చెవులల్ల పెట్టుకుంటనని ఇంటికాడ చేసుకుని తెచ్చుకున్నది దాదా. బండి కదిలినంక నవ్వి, పక్కన పెట్టింది."

సీటు మడతలో, తలుపు వైపు, బూరుగుదూదితో గట్టిగా చుట్టిన రెండు చిన్న ఉండలు ఒకదానికొకటి ఆనుకుని, తెల్లగా అట్లాగే ఉన్నాయి.