పిండి పూసిన మూత

పొద్దున్నుంచి తొమ్మిదోసారి సర్దార్‌బీ గుడ్లు పొదిగే థర్మాకోల్ పెట్టె మూత ఎత్తింది. బల్బు వెలుగులో అయిదు బాతుగుడ్లు. నిన్ననే ఒక్కోదానికి చిన్న చిల్లు పడింది. ప్రతి గుడ్డుకూ ఒకవైపు గుణకారం గుర్తు, రెండోవైపు సున్నా ఉన్నాయి. ఏ పక్కకు తిప్పామో మరిచిపోకుండా మొగుడు దరియావలి పెన్సిల్‌తో గీసినవి. గుడ్లు పెట్టెలో పెట్టిన మూడో రోజే గుండె ఆగి పోయాడు. పొదగేసి ఈరోజుకు ఇరవయ్యెనిమిదో రోజు, పిల్లలు బయటపడాల్సిన రోజు.

ఇరవైలో పదిహేను మురిగిపోయాయి. మిగిలిన అయిదింటి మీదే ఆమె ప్రాణమంతా. మొగుడు పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది గనక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అది తీరగానే నెల్లూరు తీసుకుపోతానని తమ్ముడు అక్బర్ చెప్పేశాడు. మేడమెట్ల కింద గది సర్దించాడట. ఈ గదిలోంచి ఆ గదిలోకి. తమ్ముడు మంచివాడే, అదే వచ్చిన చిక్కు. మంచివాణ్ణి కాదనాలంటే కారణం చూపాలి. బాతులుంటే కారణం ఉన్నట్టే. గడువు తీరేనాటికి అవి ఎదుగుతాయి, కోతలైన మడుల్లో వాటి వెనక తనూ నడుస్తుంది, ఒకప్పుడు బాతులు మేపుతూ దరియావలి నడిచినట్టు.

ఆమె పనేమిటో వాళ్ల ఊరు దొరవారిసత్రంలో చాలామందికి తెలియదు. పెళ్లి బిర్యానీ తిన్నవాళ్లు వంటమాస్టరును మెచ్చుకుంటారు గానీ, డేక్సా మూత చుట్టూ గోధుమపిండి పూసి ఆవిరి బిగించిన మనిషిని ఎవరడుగుతారు? ఇరవయ్యేళ్లు అదే చేసింది. మాస్టరు చెప్పేదాకా ఒక్కనాడూ మూత తీసి ఎరగదు. అంత బుద్ధిమంతురాలూ ఇంట్లో మాత్రం గుడ్లు పొదగేసిన ప్రతిసారీ ఈ పెట్టె చుట్టూ తిరిగేది. మూత ఎత్తబోతే దరియావలి ఆమె చేతిమీద చిన్న దెబ్బ వేసి, "ఇది పులుసుకుండ కాదే" అనేవాడు.

ఇప్పుడు దెబ్బ వేసేవాడు లేడు. గుడ్డు కీచుమన్నప్పుడల్లా ఆమె మూత తీసి, ఉన్నాలే అని బదులిస్తోంది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆమెను పిలిచినవి అవే.

మధ్యాహ్నం కూరగాయలు తెచ్చిన పక్కింటి సామ్రాజ్యం పెట్టెలోకి వంగి ఒక గుడ్డు చేతిలోకి తీసుకుంది. చిల్లు దగ్గర పొర ఎండి కాగితంలా బిగిసింది. లోపలి ముక్కు కదలడం లేదు. ఇంకో మూడూ అంతే.

"ఊరికే తెరిస్తే తేమంతా పోయినాదక్కా. పొర ఒంటికి అతుక్కోని, తిరగలేక చచ్చిపోయినాయి. ఇంక మూత తీయబాక."

నాలుగింటినీ పూడ్చడానికి సామ్రాజ్యం పట్టుకెళ్లింది. సర్దార్‌బీకి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ప్రేమగా చంపినా చంపడమే కదా.

అయిదో గుడ్డు కీచుమంది. చెయ్యి దానంతటదే లేచింది. తన చేతిని తనే నమ్మలేక వంటింట్లోకి వెళ్లి గోధుమపిండి కలిపింది. పెట్టెలోని గిన్నెలో గోరువెచ్చని నీళ్లు మార్చి, తడిగుడ్డ పెట్టి, మూత వేసింది. పక్కల గాలి చిల్లులు వదిలి అంచంతా పిండి పూసింది, పెళ్లి డేక్సాకు పూసినట్టే, వేలితో నొక్కుతూ.

తర్వాత చేతులు కొంగులో చుట్టుకుని గోడకానుకుని కూర్చుంది. అది చాలాసేపు పిలిచింది. ఆమె పలకలేదు. తర్వాత అదీ మానేసింది. పిల్ల బయటపడి అలిసి పడుకున్నా చప్పుడుండదు, పోయినా ఉండదు. మసీదులోంచి అసర్ నమాజు అజాఁ వినిపించింది. పిండి ఎండింది. తన మీదే ఎవరో మూత బిగించినట్టు ఆమెకు ఊపిరాడలేదు. అయినా లేవలేదు.

పొద్దు వాలుతుండగా అక్బర్ ఫోన్ చేశాడు, గదికి ఫ్యాను బిగించామని. అతను మాట్లాడుతుండగానే పెట్టెలో ఏదో టపటపమని గోడకు తగిలింది. గుడ్డు అలా నడవదు. ఆమె పిండి పగలగొట్టింది.

"అక్కా, ఉండావా?"

"ఉండా. ఈడే ఉంటా. పిల్లనిడిసిపెట్టి యాడికి వచ్చేది?"

"ఒక్క పిల్ల కోసమా?"

"రాకుండా ఉండేదానికి ఒక్కటి చాలదా, అబ్బయ్యా."

ఇంకా సగం తడిగా ఉన్న పిల్ల తడబడుతూ ఆమె అరచేతిలోకి ఎక్కింది. పెట్టెలో దాని డొల్ల రెండు ముక్కలై పడి ఉంది. పెద్ద ముక్క మీద దరియావలి గీసిన గుణకారం గుర్తు చెరగకుండా ఉంది.