ఖాళీగా వదిలిన మూడు లైన్లు

వార్డు కమిటీలో వృద్ధ మహిళా సభ్యురాలి పని రెండే రెండు: ముందు వరసలో కూర్చోవడం, చివర్లో సంతకం పెట్టడం. ఆ సంతకం లేకపోతే సమావేశం చెల్లదని రూలు. అందుకే అందరూ టైపిస్టమ్మ అని పిలిచే ఆ పెద్దావిడకి కారు పంపేవారు, మెత్తటి కుర్చీ వేసేవారు. మాట్లాడనివ్వడం మాత్రం మరిచిపోయేవారు.

ఆవిడకి కావలసింది ఒక్కటే. ఇంటికీ లైబ్రరీకీ సగం దారిలో ఉండే బెంచీ. వీధి అందం చెడుతోందని దాన్ని పీకేశారు. మధ్యలో కాసేపు కూలబడకపోతే ఆ మోకాళ్లు అంత దూరం రావు. లైబ్రరీలో ఒకే పేపరు పంచుకుని లోకాన్నంతా చెరిగిపారేసే ముగ్గురు స్నేహితురాళ్లను చూసి రెండు నెలలైంది. కోడలు టీవీ పెట్టి ఇస్తుంది పాపం, మంచి పిల్లే. కానీ టీవీ ఎదురు వాదించదు కదా. ఆవిడకి బెంగగా ఉంది, నిజం చెప్పాలంటే కోపంగా కూడా ఉంది.

ఆ రోజు అధ్యక్షుడు వృద్ధ మహిళల మాట వినాల్సిన అవసరం గురించి గంటసేపు దంచాడు. టైపిస్టమ్మ చెయ్యెత్తింది. మంచినీళ్లు వచ్చాయి. మళ్లీ ఎత్తింది. ఫ్యాను తగ్గించారు. మూడోసారి ఎత్తితే ఒకమ్మాయి వచ్చి, ఎంతో మర్యాదగా బాత్రూం దాకా నడిపించుకెళ్లింది.

చివరికి కార్యదర్శి మినిట్స్ పుస్తకం తెచ్చాడు.

"ఇక్కడొక సంతకం, పెద్దమ్మగారూ."

ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో ఇలాంటి మినిట్సే టైపు కొట్టిన మనిషి. కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతుందని ఎవరూ అనుకోలేదు.

"ఆరో తీర్మానం కింద మూడు లైన్లు ఖాళీ వదిలావెందుకు నాయనా?"

కార్యదర్శి నసిగాడు. "అధ్యక్షులవారికి తర్వాత ఏమైనా గుర్తొస్తే రాయిస్తారండి."

"నాకిప్పుడే గుర్తొచ్చింది, రాసుకో. లైబ్రరీ దారిలో బెంచీ వారంలోగా మళ్లీ వెయ్యాలి."

"అలా కుదరదండీ. చర్చ జరగాలి."

"జరగనీ. నాకేం తొందర లేదు." పెన్నుకి మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు, పక్కగదిలో చల్లారిపోతున్న భోజనాల వైపు చూశాడు. చర్చ అరనిమిషంలో ముగిసింది, ఏకగ్రీవంగా. కార్యదర్శి అది రాశాక మిగిలిన జాగాలో ఇంకెవరూ ఇంకేమీ ఇరికించకుండా అడ్డగీత కొట్టి, అప్పుడు సంతకం పెట్టింది ఆవిడ.

బెంచీ ఆరో రోజున వచ్చింది. వెనక చెక్క మీద అధ్యక్షుడి పేరు, కింద 'పెద్దల కోసం అధ్యక్షులవారి స్వంత ఆలోచన' అన్న ముక్క. టైపిస్టమ్మ ఆ అక్షరాలకి వీపు ఆనించి, మోకాళ్లు తేరుకునేదాకా కూర్చుని, లేచి లైబ్రరీకి వెళ్లింది.

"రెండు నెలలు ఏమైపోయావే?" అన్నారు స్నేహితురాళ్లు.

"నన్ను గౌరవిస్తున్నారే, కదలనివ్వలేదు," అంది, సగం పేపరు లాక్కుంటూ.