సొరుగులో ఉన్నది రుమాలే

ఆ పొద్దున ఆకాశం ముసుగు తన్ని పడుకుంది. వానా ఇవ్వదు, ఎండా ఇవ్వదు. కోడలు ఆరేసిన బట్టలు తీగ మీద తేమ వదలక అలాగే వేలాడుతున్నాయి. మబ్బు పట్టిన రోజు సినిమా హాలుకు జనం ఎక్కువ. ఆమెకు చేతులు చాలవు. టికెట్ల కిటికీలో కూర్చోవాలి, మిషన్లుండే పైగది ఊడవాలి, తెగిన రీళ్లు అతకాలి, మధ్యలో ఇంటికి పరుగెత్తి వంట చేసి రావాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఆమెకు జీతం లేదు. జీతం ఆపరేటరుది. ఆపరేటరు ఆమె భర్త. "మనిద్దరం వేరా?" అంటాడు. నిజమే, పని దగ్గర ఇద్దరూ ఒకటే. పేరు దగ్గరికొచ్చేసరికే ఆయనొక్కడు.

ఆపరేటరుకు చత్వారం వచ్చింది. దూరాన తెర మీద చీమ పాకినా కనిపిస్తుంది గానీ, చేతిలో ఫిల్ము కనిపించదు. రీలు తెగితే బ్లేడుతో అంచు గీకి, అతికించే మందు రాసి, కొసలు రెండూ కలిపి ఊపిరి బిగబట్టి నొక్కేది ఆమె. హాల్లో కుదుపు లేకుండా బొమ్మ సాగిపోతే యజమాని కింద నుంచి కేకేస్తాడు, "ఆపరేటరు చెయ్యి మంచిదయ్యా" అని. ఆ చెయ్యి ఎవరిదో చెప్పాలని ఆపరేటరుకు తోచదు. "వాళ్లకెందుకే ఇవన్నీ" అంటాడు. చెడ్డవాడు కాడు. ఆమెకు జ్వరమొస్తే తెల్లవార్లూ నుదుటి మీద తడిగుడ్డ వేస్తాడు. తెల్లారాక ఆ గుడ్డ ఎక్కడ ఆరేయాలో తెలియక కుర్చీ మీద పడేసి పోతాడు. ఆయన మంచితనమంతా అంతే. ఎవరో ఒకరు వెనకాలే నడుస్తూ ఎత్తి పెట్టుకోవాలి.

కొత్త సినిమా అందని వారాల్లో వేయడానికి ఆ హాలుకు సొంత ప్రింటు ఒకటుంది. నలుపు తెలుపు కాలం నాటి హత్య కథ. అందులో ఒకామె జూదశాల నడుపుతుంటుంది. ఒకప్పుడు ఆమెను ప్రేమించి వదిలేసి పోయినవాడు పదేళ్లకు తిరిగొస్తాడు. ఆమె బల్లల మీదే పేకాడి ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. చివర్లో ఇద్దరూ ఒక గదిలో ఎదురుబొదురుగా నిలబడతారు. ఆమె సొరుగు లాగుతుంది. మరుక్షణం అతను నేల మీద పడి ఉంటాడు.

"ఆడదాని పగ, ఆరని కుంపటి" అంటూ గేటాయన ఈల వేస్తాడు. అందరూ అతన్ని ఈలాయన అనే పిలుస్తారు. ఊరందరికీ ఆ కథ తెలుసు. ఆమే చంపింది.

చంపలేదన్నది ఒక్క అత్తగారే.

"అది సొరుగులోంచి తీసింది పిస్తోలు కాదురా, రుమాలు. వాడిదే, ఇన్నేళ్లూ దాచుకుంది. చంపినవాడు వేరే. పేక పంచేవాడు, కిటికీ తెర వెనకాల నుంచి" అనేది కొడుకుతో. "మీ నాన్న పక్కన కూచుని చూశాను. ఆ రుమాలు చూసి ఆయన ఏడ్చాడు."

"నాన్న ఏడవడమేంటమ్మా. గొడ్డలి కాలి మీద పడితే నవ్విన మనిషి."

"ఏడ్చాడు. చీకట్లో నా కొంగుతో తుడుచుకున్నాడు."

పోయిన ఏడాది మాటా మాటా పెరిగి పందెందాకా పోయింది. రుమాలే అయితే తను వండి వడ్డిస్తానన్నాడు కొడుకు. పిస్తోలే అయితే తనకు మతి పోయిందని ఒప్పుకుంటానంది తల్లి. వెళ్లి చూసింది. సొరుగు లాగారు, మనిషి పడ్డాడు, రుమాలు లేదు. ఈలాయన వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, రుమాలు చాకలికి వేశారేమో" అన్నాడు. హాలంతా నవ్వింది. కొడుకు కూడా నవ్వాడు, పైగదిలోంచి వినిపించేలా.

ఆ నవ్వు హాల్లో ఆగిపోలేదు, ఇంటికొచ్చింది. అప్పటిదాకా కూర వాసన చూసి ఉప్పు చెప్పే మనిషి, "అమ్మాయ్, నేను ఉప్పు వేశానా?" అని అడగడం మొదలుపెట్టింది. వేసిన గడియ నాలుగుసార్లు చూసుకునేది. "నువ్వు కూర్చో అమ్మా, నీకు గుర్తుండదు" అనేవాడు కొడుకు, చాలా మెత్తగా. తిట్టయితే ఎదురు తిట్టొచ్చు. ఆ మెత్తదనానికి ఎదురేం చెప్తారు? పొయ్యి పని మొత్తం కోడలి మీద పడింది. కోడలికి బాధ అది కాదు. ఒకరోజు బియ్యం ఏరుతూ ముసలామె తనలో తానే అనుకోవడం వింది. "ఏడవలేదేమో. నేనే కల గన్నానేమో." భర్త పోయి ఎన్నేళ్లో అయింది. ఆయన తాలూకు మిగిలిన మెత్తటి జ్ఞాపకం అదొక్కటే కాబోలు. దాన్ని కూడా చేట చివర పెట్టి చెరిగేస్తోంది.

ఆ మబ్బు రోజు మ్యాట్నీకి మళ్లీ అదే సినిమా. కింద వరండాలో ఆపరేటరూ ఈలాయనా పేక ముక్కలు పరిచారు. కోడలు పైగది ఊడుస్తూ, రీళ్లు చుట్టే బల్ల జరిపింది. వెనక తుక్కు డబ్బా. అందులో, తెగిన పొట్టి ముక్కల అడుగున, ఒక చుట్ట. ఒక కొస మాడి ముడుచుకుపోయింది. తీసి కిటికీ వెలుగుకు పట్టింది. ఎండ కంటే మబ్బు వెలుగులోనే ఫిల్ము బాగా కనిపిస్తుంది. ఒక చెయ్యి. సొరుగు. చేతిలో తెల్లగా, మడత పెట్టిన గుడ్డ. వేళ్ల మధ్య ఇంకో చుట్టు విప్పింది. కిటికీ తెర, దాని వెనక పేక పంచేవాడి తెల్ల చొక్కా, పొగ.

ఆమె చీపురు గోడకు ఆనించి, ఫిల్ము చేత్తోనే పట్టుకుని నేల మీద కూర్చుంది.

గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట, ఈ ప్రింటు కొనితెచ్చి హాల్లో తొలిసారి వేసిన రోజు, వంట ముగించుకుని వచ్చేసరికి పైగదిలో మాడు కంపు. "కాస్త కాలింది, నేనే అతికేశాలే" అన్నాడాయన. ఆ చేత్తోనే మిగిలిన పేక ముక్కలు పట్టుకుని కిందికి దిగిపోయాడు. ఆట మధ్యలో లేచొచ్చాడన్నమాట. జన్మలో ఆయన అతికిన ఒకే ఒక్క అతుకు అది. కాలింది జానెడు. కోసి పారేసింది మూడు బారలు. కోసినదాంట్లో ఏముందో చూడలేదు. చూసినా కనపడదు. ఆ మూడు బారల్లోనే ఒక ఆడదాని నిర్దోషిత్వం ఉంది, ఇంకొక ఆడదాని మతి ఉంది. అబద్ధమాడలేదు ఆయన. తొందరపడ్డాడు, అంతే. ఈయన తొందరకి ఎంతమంది ఆడవాళ్లు నింద మోస్తున్నారో అనుకుంటే ఆమెకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కళ్లు మండాయి.

పిలిచి చూపించొచ్చు. "ఇప్పుడెందుకే, షో టైమవుతోంది" అంటాడు. సాయంత్రం అత్తగారి చేతిలో పెట్టొచ్చు. ఆ ముసలి కళ్లతో ఆమె ఇంత చిన్న బొమ్మని చూడగలదా? నవ్విన చోటే కనిపించాలి. నవ్వినంత పెద్దగా కనిపించాలి.

ఆఖరి రీలు తీసి ఆయన వేసిన అతుకు వెతికింది. లావుగా, వంకరగా, గోరుకు తగిలింది. విప్పింది. మాడిన జానెడు కోసేసి, మిగతాదాని అంచులు గీకి, మందు రాసి, రెండు కొసలూ నొక్కి పట్టుకుంది. ఇన్నాళ్లూ యజమాని కోసం అతికింది, భర్త కోసం అతికింది. ఈసారి అతికింది అత్తగారి కోసం. అతుకు నున్నగా కుదిరింది.

ఇంటికి వెళ్లి, "అత్తయ్యా, సినిమాకు పదండి" అంది.

"వద్దమ్మాయ్. ఓడిపోయిన ఆట మళ్లీ చూడటమెందుకు."

"నేనూ కూర్చుంటాను. ఎప్పుడూ మొత్తం చూడలేదు."

ఆ మాటకు అత్తగారు తలెత్తింది. "హాలంతా నీ చేతి మీదే నడుస్తుంది గదే" అంటూ చెప్పులు వెతుక్కుంది.

టికెట్ల కిటికీ ఈలాయనకు అప్పగించింది. "నాకా వదినా? నాకు లెక్కలు రావు" అన్నాడతను.

"పేకాటలో వస్తాయిగా" అంది.

హాల్లో అత్తగారి పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూసింది. కదులుతుంటే చూడలేదు. జూదశాలామె నడుస్తుంటే, మెడ తిప్పుతుంటే, పాతవాడి ముందు నవ్వు మింగుతుంటే, బాగా తెలిసిన మనిషికి తొలిసారి గొంతు వచ్చినట్టు అనిపించింది. చివరి గది వచ్చింది. టికెట్లు అమ్మడం అయిపోయి గేటు దగ్గర నిలబడిన ఈలాయన, "ఇదిగో, తీస్తోంది" అన్నాడు అలవాటుగా.

సొరుగు తెరుచుకుంది. తెర మీద చిన్న కుదుపు. రుమాలు బయటికొచ్చింది, అంత పెద్ద తెర మీద, మడత కూడా నలగకుండా. వెనక కిటికీ తెర కదిలింది. పేలింది. అతను పడ్డాడు. ఆమె అరవలేదు, రుమాలు అతని చొక్కా మీద అదిమి పట్టుకుంది.

ఎవరూ ఈల వేయలేదు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇక్కడేనే" అంది. "ఇక్కడే మీ మామయ్య ఏడ్చింది." అని, ఆ చీకట్లో కొంగు తీసుకుని తనూ తుడుచుకుంది.

లైట్లు వేశాక ఆపరేటరు మెట్లు దిగి వచ్చాడు. మనిషి మొహం వెలవెలబోయింది. "ఆ ముక్క ఎక్కడిదే?"

"తుక్కు డబ్బాలోది. కాలింది జానెడేనండీ. మీరు కోసింది మూడు బారలు."

ఆయన తల్లి వైపు చూడబోయి, చెప్పుల వైపు చూశాడు. ఇంతలో యజమాని వచ్చాడు. "ఏమయ్యా, ఇన్నాళ్లూ లేని ముక్క ఎలా తెచ్చావు? నీ చెయ్యి మంచిదయ్యా."

"ఆ చెయ్యి నాదండీ" అంది ఆమె. గొంతు పెంచలేదు. "అన్ని రీళ్లకీ నాదే. రేపట్నుంచి ఆ పనికి విడిగా జీతమిస్తే అతుకుతాను. లేదా ఆయన అతికినట్టే ఉంటుంది."

యజమాని ఆపరేటరు వైపు చూశాడు. ఆపరేటరు మెల్లగా తల ఊపాడు. "అవునండీ. ఆవిడదే. నాది ఒక్కటే అతుకు. అది మీరు చూశారు, ఈ సినిమా వేసినప్పుడల్లా."

మ్యాట్నీకి, ఫస్ట్ షోకి మధ్య ఇంటికి వచ్చారు. ఎవరూ పందెం మాట ఎత్తలేదు. ఆపరేటరు చొక్కా చేతులు మడిచి తిన్నగా వంటింట్లోకి నడిచాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి మూస్తున్న చప్పుడు. కోడలు రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ అత్తగారు మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఖాళీగా ఉన్న చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకుంది. అక్కడ అవి కాసేపటికి కుదురుకున్నాయి. మాడు వాసన ఇల్లంతా తిరిగింది.

ముందు తల్లికి వడ్డించాడు, తర్వాత ఆమెకు. తను చివర కూర్చున్నాడు. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచింది. ఎవరినీ అడగలేదు. తనే చాలినంత చల్లుకుని, ఇద్దరి కంచాల్లోనూ చల్లింది. ముగ్గురూ తిన్నారు. అన్నం అడుగున జానెడు మేర మాడింది. ఈసారి దాన్ని ఎవరూ కోసి పారేయలేదు.