కూచో అనే ఆట

ఎదురింటి పై వాటాలోకి అద్దెకొచ్చిన ఉదయశ్రీ మీద నాగమణమ్మకు మొదటిరోజు నుంచీ నమ్మకం లేదు. ఎలా ఉంటుంది మరి? టెలిఫోన్ ఆఫీసాయన భార్య, కోస్తా వైపు మనిషి, పేరంటానికి పిలిచినా రాదు. కిటికీకి ఎప్పుడూ పరదాయే. కొడుకున్నాడంటారు గానీ సంతోష్‌నగర్ గల్లీలో వాణ్ణి చూసిన పాపాన పోయినవాళ్లు లేరు.

అలాంటి మనిషి పతంగుల రోజులొచ్చేసరికి గల్లీ పిల్లలందర్నీ పోగేసింది. "డాబా మీంచి పడితే నడుం విరుగుతుంది, మళ్లీ లేవరు" అని భయపెట్టి, ఒక ఆట నేర్పింది. పిల్లలు ఆకాశంలోకి చూస్తూ వెనక్కి నడవాలి. ఆమె "కూచో!" అనగానే ఎక్కడివాళ్లక్కడ చతికిలబడాలి. అందరికంటే ముందు కూర్చునేది నాగమణమ్మ మనవడు బన్నీయే.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పండగ పూట పసివాళ్ల ముందు పడటం, విరగటమా! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని తెలియదా? తెలిసే అంటోందేమో! తన కొడుకును దాచుకొని పరాయి పిల్లల మీద కన్నేసిందేమో!

"ఏందమ్మా గా మాటలు? నోరు మంచిదైతే ఊరు మంచిదైతది!" అని కసిరి, బన్నీని రెక్క పట్టి లాక్కుపోయి దిష్టి తీసింది. ఉదయశ్రీ తల వంచుకొని తన మెట్లెక్కి పోయింది. దానికీ అనుమానమే ఆవిడకు.

మర్నాడు బట్టలు ఆరేయడానికి నాగమణమ్మ డాబా ఎక్కింది. బన్నీ పతంగి ఎగరేస్తున్నాడు. కళ్లు ఆకాశంలో, కాళ్లు వెనక్కి. వెనకవైపు ఇంకా పిట్టగోడ కట్టలేదు. అంచు జానెడు దూరంలో ఉంది.

ఆవిడ "పడ్త..." అనబోయి నాలుక కరుచుకుంది. తథాస్తు దేవతలు! ఇంకేం అనాలి? ఏ మాటా రాలేదు, ఆ పాడు ఆట మాట తప్ప.

"కూచో!"

బన్నీ దబ్బున చతికిలబడ్డాడు. వెనక్కి వేయబోయిన కాలి చెప్పు జారి కింద పడింది.

మనవణ్ణి హత్తుకొని ఏడ్చి, వాడి చెయ్యి వదలకుండానే ఎదురింటి మెట్లెక్కింది. ఉదయశ్రీ కంగారుగా తలుపు తీసింది.

"నీ మీద మస్తు అనుమానం పెట్టుకున్న బిడ్డా! వీడు అంచు దాక పోయిండు. పడ్తవ్ అనబోయి, నీ మాటే అరిసిన."

ఉదయశ్రీ కళ్లు నిండాయి. "నేను మావాడితో 'పడతావురా' అనే అరిచానండీ. ఏంటమ్మా అని నా వైపు తిరిగాడు. తిరుగుతూ ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆ ఆట వాడు కనిపెట్టిందే. పతంగులు కనబడితే ఏడుస్తాడని కిటికీకి పరదా వేస్తాను."

లోపలి గదిలో మంచం మీద పన్నెండేళ్ల పిల్లాడు వెల్లకిలా పడుకొని ఉన్నాడు. లేవలేక, కప్పుకేసి చూస్తూనే అడిగాడు:

"బామ్మగారూ, వాడు కూచున్నాడా?"

"కూచున్నడు నాయినా, మంచిగ కూచున్నడు" అంటూ నాగమణమ్మ ఆ మంచం పక్కన నేలమీద చతికిలబడింది.