నాలుగు గోతాలు

రహమతున్నీసాని దొంగ అన్నారు! వినుకొండ పక్కన కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర ఇరవై రెండేళ్ళుగా మిరపకాయల బస్తాలు చూస్తున్న మనిషిని. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలలాడిందా లేదా అన్నదాన్ని బట్టి సరుకు ఎండిందో లేదో చెప్పేస్తుంది. ఆమె సరేనన్న బస్తా ఒక్కటీ చెడిపోలేదు.

ఈ సీజనుకి మిషను పెట్టారు. బస్తాలో సూది గుచ్చి, తెర మీద కాయ రకం నొక్కితే లైటు వెలుగుతుంది. పచ్చదైతే లోపలికి, ఎర్రదైతే వెనక్కి. "ఇక చేత్తో చూడటాలు కట్టిపెట్టు. లైటు చెప్పిందే మాట," అన్నాడు మేనేజరు రామాంజనేయులు. వాన పడ్డాక వచ్చిన తేజ రకం బస్తాలు చెమ్మగా ఉన్నాయని ఆమె రెండుసార్లు చెప్పింది. పచ్చ లైటు వెలుగుతుంటే నీ గోలేంటని కసిరాడు. తీరా ఆ బస్తాలు లోపల బూజు పట్టేసరికి హమాలీలందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"తెలిసినవాళ్ళ సరుకని పొడి మూల చూసి సూది గుచ్చావు. దొంగతనం కాక ఏందిది? రేపట్నుంచి రావద్దు."

మర్నాడు మిషను సంగతి చూడటానికి గుంటూరు నుంచి కుర్ర ఇంజనీరు వస్తున్నాడని తెలిసి, ఆమె పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చేసింది. రావద్దన్నారుగా అంటే? తప్పు చేసినవాళ్ళకి భయం గానీ ఆమెకేంటట!

ఆ ఇంజనీరు చైతన్యకృష్ణ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే, "కోడ్ మొత్తం చదివానండీ. రకం చూస్తోంది, తేమ చూస్తోంది. తప్పేం లేదు," అన్నాడు.

"విన్నావుగా, ఇక నడువు," అన్నాడు రామాంజనేయులు.

"పది నిమిషాలండీ. తప్పు నాదైతే నేనే వెళ్ళిపోతా."

ఆయన ఔననే లోపే ఆమె పని మొదలుపెట్టింది. నాలుగు చిన్న గోతాలు తెప్పించింది. ఎండిన తేజ ఒకదాంట్లో, చెమ్మ తేజ ఒకదాంట్లో పోసింది. 341 రకం కాయలు ఎండినవి ఒకదాంట్లో, నీళ్ళు చల్లి నానబెట్టినవి ఇంకోదాంట్లో. ఈ ఏడు ఈ గదుల్లోకి తీసుకునేవి ఆ రెండు రకాలే.

"బాబూ, సూది నేను ముట్టుకోను. నువ్వే గుచ్చు, నువ్వే నొక్కు."

ఎండిన తేజకి పచ్చ. ఎండిన 341కి పచ్చ. నానిన 341కి ఎర్ర. రామాంజనేయులు మీసం సవరించుకున్నాడు. చెమ్మ తేజలో గుచ్చాడు కుర్రాడు. పచ్చ వెలిగింది.

"మళ్ళీ గుచ్చు. ఏ మూలైనా సరే."

మూడు మూలల్లో గుచ్చాడు. ల్యాప్‌టాప్‌లో తేమ పదిహేడు, పద్దెనిమిది, పదిహేడు. పన్నెండు శాతం దాటకూడదు. మూడుసార్లూ పచ్చే!

కుర్రాడు ల్యాప్‌టాప్‌లో కోడ్ మళ్ళీ మొదటినుంచీ చదివాడు. ఒక్క వరుస దగ్గర ఆగి, "అయ్యో," అన్నాడు.

"ఏంటో అందరికీ అర్థమయ్యేలా చెప్పు నాయనా."

"తేజ లేదా 341, మరియు తేమ తక్కువ అని రాశానండీ. కంప్యూటరు 'మరియు'ని ముందు చూస్తుంది, 'లేదా'ని తర్వాత. అందుకని తేమ షరతు పక్కనున్న 341కే అంటుకుంది. తేజ అయితే చాలు, తడిసినా లోపలికి పొమ్మంటోంది. రెండు రకాలనీ కలిపి ముందు బ్రాకెట్‌లో పెట్టాల్సింది. పెట్టలేదు. తప్పు నాదేనండీ."

రెండు బ్రాకెట్లు! వాటి కోసం ఒక మనిషి పరువు గంగలో కలిసింది. కుర్రాడు అవి పెట్టి, చెమ్మ తేజలో గుచ్చి ఎర్ర లైటు చూపించి, ల్యాప్‌టాప్ మూయబోయాడు.

"ఆగు. ఒకటి బాగుచేసి ఇంకోటి చెడగొట్టలేదని ఏంటి నమ్మకం? నాలుగూ చూడు."

నాలుగూ చూశాడు. ఎండినవి రెండూ పచ్చ, తడివి రెండూ ఎర్ర.

రామాంజనేయులు గొంతు సవరించుకున్నాడు. "సరేలే, పనిలోకి రా."

"అలా కాదండీ. నిన్న అందరూ వింటుండగా అన్నారు. ఇవాళా అందరూ వినాలి."

ఆయన ఏదో గొణిగాడు.

"హమాలీ యేసుపాదం లారీ మీదున్నాడు. ఆయనకి వినబడొద్దా?"

హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. లారీ మీది యేసుపాదం చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రామాంజనేయులుకి తప్పలేదు.

"రహమతున్నీసా దొంగ కాదు! చెమ్మగా ఉన్నాయని ఆమె చెప్పింది, నేనే వినలేదు!"

అప్పటిదాకా రాయిలా నిలబడ్డ మనిషికి అప్పుడొచ్చింది ఏడుపు. కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

"ఇంటికెళ్ళి అన్నం తినొస్తా," అంది. "నిన్నట్నుంచి ముద్ద దిగలేదు."