రాని బోటు వచ్చిందన్న రోజు

శుక్రవారం పొద్దున్న ఆఫీసు బస్సు ఎక్కబోయే ముందు జైనబ్ ఓ చిన్న పని చేసింది. బోటు వచ్చిందో లేదో అడిగితే జవాబిచ్చేలా తను రాసిన ఏపీఐ అనే ప్రోగ్రాములో బోటు పేరొకటి తప్పుగా పడుతోందని దిద్ది, కొత్త కోడును క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్లో అది నడిచే కంప్యూటరుకి, ఎక్కించింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. సరిగ్గా ఎక్కిందని పచ్చ గుర్తు రాగానే లాప్‌టాప్ సంచిలో పడేసి బస్సెక్కింది, కిటికీకి తల ఆనించి మధురవాడ దాకా నిద్రపోయింది. ఆ మధ్య ఆమెకు తల ఎక్కడ ఆనితే అక్కడే నిద్ర పట్టేస్తోంది.

ఈ బోట్ల ప్రోగ్రాము పని ఆమె నెత్తిన ఎవరూ పెట్టలేదు, నోరు జారి తనే తెచ్చుకుంది. పాతనగరంలో వాళ్ళ నాన్న కరీం బాషాకి బోటు ఇంజన్ల విడిభాగాల దుకాణం ఉంది. చేపలరేవులో బోట్ల సంఘం గుమాస్తా త్రినాథరావు రోజూ అక్కడికే టీకి వస్తాడు. గాలి తిరిగిందంటే చాలు, "మా బోటు వచ్చిందా" అని ఇళ్ళ నుంచి ఒకటే ఫోన్లని, గొంతు పోతోందని ఓరోజు ఆయన వాపోయాడు. "అది చిన్న పనే బాబాయ్" అనేసింది జైనబ్.

నిజానికి చిన్న పనే. త్రినాథరావు తన ఫోన్‌లో ఏ బోటు వేటకెళ్ళిందో ఎక్కిస్తాడు, తిరిగొస్తే తీసేస్తాడు. ఇంట్లోవాళ్ళు తమ ఫోన్లో ఓ పేజీ తెరిచి బోటు నంబరు కొడితే ఆ ప్రశ్న ఏపీఐకి వెళుతుంది. అది జాబితా వెతికి, నంబరు అందులో ఉంటే 'రాలేదు' అని, లేకపోతే 'వచ్చింది' అని జవాబిస్తుంది. జాబితా మాత్రం కోడు పక్కనే ఓ ఫైల్లో ఉంది. క్లౌడ్‌లో కొత్త కోడు ఎక్కించిన ప్రతిసారీ అంతవరకు కోడు నడిచిన పాత పెట్టెను పారేసి కొత్తది పెడతారు. పాతదాంట్లో రాసుకున్నదంతా దాంతోపాటే పోతుంది. ఈ సంగతి జైనబ్‌కి తెలీక కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఆమే చెబుతుంది. జాబితాను వేరేగా డేటాబేసులో పెట్టాలనుకుంటూనే మూడు ఆదివారాలు పడుకుండిపోయింది.

పదకొండింటికి త్రినాథరావు ఫోను చేశాడు.

"అమ్మా, యారాడ నుంచి తవిటమ్మని వచ్చింది. ఆళ్ళాయన పోలిరాజు బోటు వచ్చీసిందంటది. బోటు నేదు. రెండ్రోజులబట్టి వైర్‌లెస్‌కి పలకడం నేదు. నాను సెప్తే నమ్మదు, ఫోన్ సెప్పిందంటది. ఓపాలి రా."

జైనబ్ ఫోన్ తీసి ఆ నంబరు కొట్టింది. 'వచ్చింది'. ఇంకో నంబరు కొట్టింది. 'వచ్చింది'. లేని నంబరొకటి కొట్టినా అదే జవాబు. ముందు ఆ పేజీని ఆపేసింది. తలనొప్పని మేనేజరుకు చెప్పి ఆటో ఎక్కింది. తలనొప్పి అబద్ధమేం కాదు.

రేవులో మూడో జెట్టీ చివర, ఐసు పెట్టెల నీడలో తవిటమ్మ కూర్చునుంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో స్టీలు క్యారేజీ. పొద్దుట్నుంచీ కట్టిన బోట్లన్నీ వరసగా చూసిందట. ఒడ్డు ఖాళీ లేదు. అల్పపీడనమని తిరిగొచ్చినవి వచ్చినట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

జైనబ్ పక్కనే కూర్చుంది. ఎలా మొదలెట్టాలో తెలీక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పిన్నీ, ఆ ఫోన్లోది చేసింది నేనే. అది తప్పు చెప్పింది. బోటు రాలేదు."

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "మా పిల్ల సూర్యకళ సదివి సెప్పింది. పెద్ద అచ్చరాల్తో ఉందంట."

"పొద్దున్న నేనో మార్పు చేశాను. దాంతో వెళ్ళిన బోట్ల పేర్లన్నీ పోయాయి. పేరు లేకపోతే వచ్చినట్టే అనుకునేలా రాశాను. నాదే తప్పు."

"అంటే ఆ ఫోనుకేటీ తెలీదు."

"తెలీదు."

"మరి తెలీదని సెప్పొచ్చు గదమ్మా." ఆమె గొంతు పెంచలేదు. "తెలీదంటే మాకు అలవాటే. పెళ్ళైన కాడ్నించి అదే గదా. వచ్చీసిందన్నారని నాను వీదంతా సెప్పుకుంటా వచ్చినాను."

జైనబ్‌కి తిట్టినా బాగుండేదనిపించింది. తవిటమ్మ క్యారేజీ విప్పి, అన్నం పాడైపోతుందని సగం ఆమెకు పెట్టింది. వద్దంటే బాగుండదని జైనబ్ తింది.

తిన్నాక లాప్‌టాప్ తీసింది. జాబితాకి క్లౌడ్‌లో వేరే చోటు చూపించి డేటాబేసు పెట్టింది. పాత షరతు కొట్టేసింది. త్రినాథరావు రాస్తేనే 'వచ్చింది', ఆయన రాస్తేనే 'రాలేదు'. ఇంకేదైనా 'తెలీదు'. త్రినాథరావు కాగితం రిజిస్టరు తెచ్చి ఒక్కో నంబరూ చదివాడు, ఆమె ఎక్కించింది. అయ్యాక కావాలనే కోడును మళ్ళీ క్లౌడ్‌కి ఎక్కించి చూసింది. ఈసారి పేర్లు పోలేదు. పోలిరాజు బోటుకి 'రాలేదు' అని పడింది. అది సరైన జవాబే.

తవిటమ్మ తొంగి చూసింది. "రానేదనా?"

"అవును పిన్నీ."

"ఊఁ," అని ఆమె మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.

మర్నాడు శనివారం మధ్యాహ్నం దాకా జైనబ్ దుకాణంలో నాన్న పక్కనే ఫోను పట్టుకు కూర్చుంది. పన్నెండున్నరకి త్రినాథరావు చేశాడు. పోలిరాజు బోటు ఇంజను పట్టేసి, వైర్‌లెస్ బ్యాటరీ చచ్చిపోయి కొట్టుకుపోతుంటే, కాకినాడ నుంచి వస్తున్న బోటొకటి తాడేసి లాక్కొచ్చిందట. బోట్లో ఉన్న ఏడుగురూ క్షేమం. ఫోను చేతులు మారింది.

"అమ్మా, నాను తవిటమ్మని. ఈపాలి నా కళ్ళతో సూసినాను. నువ్వు రాసుకో."

"రాస్తాను పిన్నీ," అంది జైనబ్. ఫోను పెట్టేసి ఆ నంబరుకి 'వచ్చింది' అని ఎక్కించింది.

కరీం బాషా కూతురి మొహం చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె లోపలికెళ్ళి, డబ్బాల మధ్య నాన్న కునుకు తీసే చాప పరిచి, కళ్ళజోడైనా తీయకుండా పడుకుంది.